బెడ్డుకు డబ్బుంది, మనిషికి లేదు

మా తమ్ముడు మూడోసారి మానసిక ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చిన వారం అమ్మ నన్నొక ప్రశ్న అడిగింది. "వాడు లోపలున్న రెండు నెలలూ మందులు, నర్సులు, డాక్టర్లు, కరెంటు, పక్కబట్టలు అన్నీ ప్రభుత్వమే పెట్టుకుంది కదరా. ఇప్పుడు అదే మనిషి ఇంటికొచ్చాడు, జబ్బూ అదే, పూర్తిగా తగ్గనూ లేదు. మరి వాడి మీద పెట్టే ఆ డబ్బు ఏమైపోయింది?"

నా దగ్గర సమాధానం లేదు. ఆసుపత్రిలో వాడికో మంచం ఉన్నన్నాళ్లూ వాడి కోసం ప్రభుత్వం లెక్కల్లో ఒక పద్దు ఉంది. వాడు గేటు దాటినప్పుడు ఆ పద్దు వాడి వెంట రాలేదు, మంచంతో పాటే అక్కడ ఉండిపోయింది, మర్నాడు ఆ మంచం మీదికి ఇంకొకరు వచ్చారు. మాకు మిగిలింది ఒక మందుల చీటీ, ఆరు వారాల తర్వాత చూపించుకోమన్న తేదీ. ఈలోపు వాడు మాత్రలు మానేస్తే ఎవరికి చెప్పాలో, రాత్రంతా నిద్రపోకుండా తనలో తను మాట్లాడుకుంటూ తిరుగుతుంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ చీటీలో లేదు. వారానికొకసారి ఎవరైనా ఒక నర్సు ఇంటికొచ్చి పది నిమిషాలు వాడి పక్కన కూర్చుని వెళ్లి ఉంటే నాలుగోసారి అడ్మిట్ చెయ్యాల్సి వచ్చేది కాదని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

అమ్మ అడిగిన ఆ మాట పట్టుకునే నేను చదవడం మొదలుపెట్టాను. బడ్జెట్ పుస్తకాలు, ఆరోగ్య శాఖల నివేదికలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొన్నేళ్లకోసారి తెచ్చే మెంటల్ హెల్త్ అట్లాస్ అనే నివేదిక, ఒక్కో దేశం చేసుకున్న చట్టాలు. చదివే కొద్దీ మా ఇంట్లో జరిగింది మా ఒక్కరికే జరిగింది కాదని, చాలా దేశాల్లో డబ్బు పంచే పద్ధతిలోనే ఇది ఉందని అర్థమైంది. మా ఇంట్లాంటి ఇళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఈ డబ్బు ఎలా కదులుతుందో తెలిస్తే, అడగాల్సిన వాళ్లను అడగాల్సిన ప్రశ్న అడగొచ్చు, అందుకే ఈ పోస్టు.

ముందు మొత్తం ఎంతో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అట్లాస్ ప్రకారం ప్రభుత్వాలు ఆరోగ్యం మీద పెట్టే ఖర్చులో మానసిక ఆరోగ్యానికి వెళ్లేది మధ్యస్థంగా 2 శాతం. 2017 నుంచీ ఇది అక్కడే ఉంది, కదల్లేదు. ధనిక దేశాల్లో ఒక్కో మనిషికి ఏడాదికి 65 డాలర్ల దాకా పెడుతుంటే అతి పేద దేశాల్లో అది 4 సెంట్లు. నాలుగు సెంట్లంటే మందు సంగతి అలా ఉంచండి, మందు రాసిచ్చే కాగితానికి కూడా చాలదు. ఈ జబ్బులతో బతుకుతున్న వాళ్లు ప్రపంచంలో 100 కోట్ల మందికి పైనే ఉన్నారు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2018లోనే పేద, మధ్య ఆదాయ దేశాలు ఆరోగ్య బడ్జెట్‌లో కనీసం 5 శాతం, ధనిక దేశాలు 10 శాతం దీనికి ఇవ్వాలని చెప్పింది. చాలా దేశాలు ఆ దరిదాపుల్లో కూడా లేవు.

మొత్తం తక్కువని అందరికీ తెలుసు, ఎప్పుడూ మాట్లాడుకునేదే. నన్ను నిలదీసింది దాని కింద ఉన్న ఇంకో అంకె. 2020 అట్లాస్‌లో ఉంది: మధ్య ఆదాయ దేశాల్లో మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బులో 70 శాతానికి పైగా మానసిక ఆసుపత్రులకే పోతుంది, ధనిక దేశాల్లో అది 35 శాతం. ఆ మిగిలిన 30 శాతంలోపు డబ్బుతోనే బయట జరగాల్సినవన్నీ జరగాలి. అవుట్ పేషెంట్ క్లినిక్కులు, మామూలు డాక్టర్లకు శిక్షణ, బడి పిల్లలకు కౌన్సెలింగ్, హెల్ప్‌లైన్లు, ఇంటికి వెళ్లి చూసే టీమ్‌లు, కోలుకున్న వాళ్లకు పని నేర్పించడం, ఆత్మహత్యలు ఆపే ప్రయత్నాలు, అన్నీ అందులోనే. జబ్బుపడ్డ వాళ్లలో ఎక్కువమంది జీవితంలో ఒక్కసారి కూడా మానసిక ఆసుపత్రి మంచం ఎక్కరు. డిప్రెషన్‌తో, ఆందోళనతో, నిద్ర లేకుండా, తాగుడుతో ఇళ్లలోనే ఉంటారు. వాళ్లున్న చోటికి చేరే డబ్బు చాలా కొంచెం.

ఎందుకిలా? ఎవరో పనిగట్టుకుని చేసింది మాత్రం కాదు. బడ్జెట్ తయారయ్యే తీరు చూస్తే తెలుస్తుంది. చాలా చోట్ల ఈ ఏడాది కేటాయింపు అంటే పోయిన ఏడాది కేటాయింపుకు కొంచెం కలపడమే. పోయినేడాది ఆసుపత్రికి ఇంత ఇచ్చారు, జీతాలు ఇంత పెరిగాయి, పైకప్పు కారుతోంది దానికి కొంత, కలిపి ఇంత. పాతికేళ్ల కింద ఎవరో నిర్ణయించిన బెడ్ల సంఖ్యే ఈ ఏడాది డబ్బునూ నిర్ణయిస్తుంది. ఆసుపత్రిలో మంజూరైన పోస్టులున్నాయి, ఆ పోస్టుల్లో మనుషులున్నారు, వాళ్లకు నెల నెలా జీతం ఆగకూడదు, ఆ ఊళ్లో ఆ ఆసుపత్రి మీద బతికే కుటుంబాలున్నాయి. ఇంటికెళ్లి చూసే నర్సుకు పోయినేడాది పద్దు లేదు కాబట్టి ఈ ఏడాదీ ఉండదు, కలపడానికి కింద ఏమీ లేదు కదా. కొత్త పద్దు తెరవాలంటే ఆర్థిక శాఖను ఒప్పించాలి, అక్కడ మొదట అడిగే మాట "దీనివల్ల ఏం మిగులుతుంది?"

మిగులుతుంది, అదీ బాగానే మిగులుతుంది. డిప్రెషన్, ఆందోళన చికిత్సల మీద పెట్టే ప్రతి డాలరుకూ నాలుగు డాలర్లు తిరిగొస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుండి చేయించిన అధ్యయనం 2016లో తేల్చింది. కానీ ఆ నాలుగు డాలర్లు ఎక్కడొస్తాయో చూడండి. మనిషి మళ్లీ పనికి వెళ్తాడు, పన్ను కడతాడు, పోలీసులకు కాల్ వెళ్లదు, పిల్లలు బడి మానరు. ఖర్చు పెట్టేది ఒక శాఖ, మిగిలేది ఇంకో నాలుగు శాఖలకు. ఆరోగ్య శాఖ పుస్తకంలో మాత్రం ఖర్చు ఒక్కటే కనిపిస్తుంది. పైగా మళ్లీ అడ్మిట్ కాకుండా ఆగిన మనిషిని ఏ రిజిస్టర్‌లోనూ రాయరు. నిండిన మంచాన్ని లెక్కపెట్టొచ్చు, జరగకుండా పోయిన కష్టాన్ని లెక్కపెట్టడం ఎలా? లెక్కకు అందేదానికే డబ్బు వెళ్తుంది, ఈ మాట నాకు ప్రతి దేశం కథలోనూ మళ్లీ మళ్లీ ఎదురైంది.

ఇంకొకటుంది, దీని గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆసుపత్రి నుంచి బయటికి సేవలు మార్చాలంటే కొన్నేళ్ల పాటు రెండు ఖర్చులూ భరించాలి. బయట క్లినిక్కులు నిలదొక్కుకునే దాకా లోపలి వార్డును మూయకూడదు, మూస్తే మనుషులు రోడ్డున పడతారు. వార్డు నడుస్తున్నంత కాలం దాని ఖర్చు తగ్గదు, పది బెడ్లు ఖాళీ అయినంత మాత్రాన కరెంటు బిల్లూ వాచ్‌మన్ జీతమూ తగ్గవు కదా. కాబట్టి మొదటి నాలుగైదేళ్లు మొత్తం పెరుగుతుంది, ఆ తర్వాతే సర్దుకుంటుంది. అయిదేళ్ల తర్వాత వచ్చే మేలు కోసం ఈ ఏడాది ఎక్కువ ఇవ్వడానికి ఏ ప్రభుత్వమూ త్వరగా ముందుకు రాదు. అందుకే చాలా చోట్ల సగం పని మాత్రమే జరిగింది: మూయడం జరిగింది, తెరవడం జరగలేదు.

దీనికి అమెరికాను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు, ఈ కథ కొంచెం వివరంగా చెప్తాను. 1955లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వాల మానసిక ఆసుపత్రుల్లో దాదాపు 5 లక్షల 59 వేల మంది ఉన్నారు. 1963 అక్టోబర్ 31న అధ్యక్షుడు కెన్నెడీ కమ్యూనిటీ మెంటల్ హెల్త్ చట్టం మీద సంతకం చేశారు. ఆయన సొంత చెల్లెలు రోజ్‌మేరీ మెదడుకు లోబోటమీ ఆపరేషన్ చేయించి, అది వికటించి, ఆమె మిగతా జీవితమంతా సంస్థల్లోనే గడిపింది, కాబట్టి ఆయనకు ఇది పుస్తకాల్లో చదివిన విషయం కాదు. ఆసుపత్రి బయట, జనం ఉన్న చోటే చికిత్స ఇచ్చే కేంద్రాలు దేశమంతా దాదాపు 1,500 కట్టాలని అనుకున్నారు, సంతకం పెట్టిన మూడు వారాలకే ఆయన హత్య జరిగింది. కట్టింది అనుకున్న దాంట్లో సగం. ఆ చట్టం మొదట ఇచ్చింది భవనాలకు డబ్బు. సిబ్బంది జీతాలకు 1965లో ఇచ్చారు, అదీ ఏటేటా తగ్గుతూ పోయే పద్ధతిలో, తర్వాత స్థానికంగా ఎవరో ఒకరు అందుకుంటారులే అన్న నమ్మకంతో. అందుకోలేదు.

అదే 1965లో మెడికెయిడ్ వచ్చింది, పేదవాళ్ల వైద్యానికి కేంద్రమూ రాష్ట్రాలూ కలిసి ఖర్చు పెట్టే పథకం. అందులో ఒక షరతు ఉంది. మానసిక చికిత్స కోసమే ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో, ఇప్పటి లెక్కలో 16 బెడ్లు దాటిన వాటిలో, 21 నుంచి 64 ఏళ్ల మధ్య వాళ్లు ఉంటే కేంద్రం సాధారణంగా డబ్బివ్వదు. ఉద్దేశం మంచిదే, పాత ఆసుపత్రుల ఖర్చు రాష్ట్రాలు కేంద్రం నెత్తిన వేయకూడదని. కానీ రాష్ట్రాల వైపు నుంచి చూడండి. మనిషి రాష్ట్ర ఆసుపత్రిలో ఉంటే ఖర్చంతా మనది, అదే మనిషిని నర్సింగ్ హోమ్‌కు పంపితే కేంద్రం వాటా వస్తుంది. ఇంకేం, వేల మంది ముసలివాళ్లను ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మార్చేశారు. వాళ్లకు ఏం మేలు జరిగిందని ఎవరూ అడగలేదు, బిల్లు ఎవరికి వెళ్తుందన్నదే చూశారు. 1981లో రీగన్ ప్రభుత్వం కమ్యూనిటీ కేంద్రాల నిధులను తగ్గించి, గంపగుత్తగా రాష్ట్రాల చేతిలో పెట్టింది, మీ ఇష్టం వచ్చినట్టు వాడుకోండని. ఇవాళ అక్కడి పెద్ద నగరాల జైళ్లలో, ఫుట్‌పాత్‌ల మీద తీవ్రమైన మానసిక జబ్బులున్న వాళ్లు అంతమంది ఎందుకున్నారో తెలుసుకోవాలంటే ఈ పద్దుల చరిత్ర చదవాలి. ఆసుపత్రి ఖాళీ అయింది, ఆ డబ్బు మాత్రం మనిషి వెంట నడవలేదు. అమ్మ అడిగింది ఇదే.

మరి డబ్బును మనిషి వెంట నడిపించిన వాళ్లు ఎవరూ లేరా అంటే ఉన్నారు, అందుకే నాకింకా ఆశ ఉంది.

ఇటలీ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. ఫ్రాంకో బసాలియా అనే సైకియాట్రిస్ట్ 1971లో ట్రియెస్టే నగరంలో మానసిక ఆసుపత్రి బాధ్యత తీసుకుని, దాన్ని మెల్లగా ఖాళీ చేసి, అదే సిబ్బందినీ అదే బడ్జెట్‌నూ ఊళ్లోని కేంద్రాల్లోకి మార్చారు. రాత్రీ పగలూ తెరిచి ఉండే కేంద్రాలు, ఒక్కోదానిలో కొద్ది మంచాలు మాత్రమే. 1978 మే 13న చట్టం 180 వచ్చింది, కొత్తగా మానసిక ఆసుపత్రులు కట్టకూడదు, ఉన్నవి క్రమంగా మూసెయ్యాలి అని. ఆ చట్టం బయటి సేవలకు విడిగా డబ్బు కేటాయించలేదు. అందుకని ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం చేసుకున్నట్టుగా జరిగింది, కొన్ని ఉత్తరాది ప్రాంతాలు ముందే సేవలు పెట్టుకున్నాయి, దక్షిణాదిలో చాలా చోట్ల ఏళ్ల తరబడి కుటుంబాలే మోశాయి, ఆఖరి ఆసుపత్రులు మూతపడే సరికి 1990ల చివర అయింది. ఒకే చట్టం, ఒకే దేశం. డబ్బునూ సిబ్బందినీ కలిపి మార్చిన చోట నిలబడింది, మార్చని చోట అమ్మలూ అక్కలూ మోశారు.

బ్రెజిల్ వాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడ్డారు. 2000లో వచ్చిన ఒక ఆదేశం ప్రకారం, దీర్ఘకాలం ఆసుపత్రిలో ఉన్న మనిషి చిన్న ఇంటి లాంటి వసతికి మారితే, ఆసుపత్రిలో ఒక మంచం తీసెయ్యాలి, ఆ మంచానికి ఇచ్చే డబ్బు ఆ ఇంటికి మళ్లాలి. ఎంత మామూలు ఆలోచనో చూడండి! 2001లో చట్టం చేశారు, 2003లో "తిరిగి ఇంటికి" అనే అర్థమొచ్చే పేరుతో ఇంకో పథకం పెట్టి, ఏళ్ల తరబడి లోపలుండి బయటికొచ్చిన వాళ్ల చేతికే నెల నెలా కొంత భత్యం ఇచ్చారు. 2000ల మధ్యకొచ్చేసరికి అక్కడ ఆసుపత్రుల మీద పెట్టే దానికంటే బయటి సేవల మీద పెట్టేది ఎక్కువైంది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలతో అక్కడా కిందామీదా అయిందనుకోండి, అయినా ఆ మొదటి పదేళ్లు ఏం చెయ్యొచ్చో చూపించాయి.

బెల్జియం చేసింది నాకు అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే అక్కడ ఎవరితోనూ పెద్ద గొడవ పెట్టుకోలేదు. 2010లో ఆసుపత్రుల చట్టంలోని 107వ ఆర్టికల్‌ను వాడుకుని, మీరు కొన్ని బెడ్లు వాడకుండా ఆపెయ్యండి, వాటికొచ్చే డబ్బు మాత్రం ఆపం, దాంతో ఇళ్లకు వెళ్లే మొబైల్ టీమ్‌లు పెట్టండి అన్నారు. నిన్నటి దాకా వార్డులో డ్యూటీ చేసిన నర్సు ఇవాళ అదే జీతంతో ఇంటి తలుపు తడుతుంది. ఉద్యోగం పోతుందన్న భయం సిబ్బందికి లేదు, బడ్జెట్ పోతుందన్న టెన్షన్ ఆసుపత్రికి లేదు. దేశమంతా సమస్య తీరిపోయిందని అనను, కానీ బెడ్డుకు కట్టేసి ఉన్న డబ్బు ముడి విప్పడానికి ఇంత నెమ్మదైన దారి ఒకటుందని నాకప్పటిదాకా తెలియదు.

ఇక ఏ ప్రాంతానికి ఎంత అనేది ఇంకో పెద్ద పేచీ. తలసరి సమానంగా పంచితే న్యాయంగానే అనిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ పేదరికం, నిరుద్యోగం, ఒంటరితనం ఎక్కువున్న చోట ఈ జబ్బులూ ఎక్కువే, అలాంటప్పుడు తలా ఇంత అని పంచడమంటే అవసరం ఎక్కువున్న వాళ్లకు తక్కువ ఇవ్వడమే. ఇంగ్లండ్‌లో 1976 నుంచీ జనాభా వయసు, జబ్బుల అవసరం లాంటివి కలిపిన ఫార్ములాలతో ఆరోగ్య నిధులు పంచుతున్నారు, మానసిక ఆరోగ్యం అవసరాన్ని విడిగా లెక్కగడతారు. ఫార్ములా ఉన్నా లోపాలుంటాయి, పోయినేడాది సేవలు వాడుకున్న వాళ్ల లెక్కల నుంచే అవసరాన్ని అంచనా వేస్తే, అసలు సేవే లేని చోట అవసరం కూడా లేనట్టు కనిపిస్తుంది. అయినా ఫార్ములా కాగితం మీద ఉంటే వాదించొచ్చు. ఎవరి పలుకుబడి ఎంత అన్నదాన్ని బట్టి పంచే చోట వాదించడానికి కూడా ఏమీ ఉండదు.

ఫార్ములా లేకుండా డబ్బును మనుషుల కోరిక వెంట వదిలేస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. 2006లో బెటర్ యాక్సెస్ అని పెట్టి, సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే ఫీజులో కొంత ప్రభుత్వం తిరిగిచ్చేలా చేశారు. లక్షల మంది వాడుకున్నారు, అది మంచిదే. కానీ సైకాలజిస్టులు ఉండేది నగరాల్లో, బాగా బతికే పేటల్లో. మిగతా ఫీజు సొంతంగా కట్టుకోగలిగిన వాళ్లే ఎక్కువ వాడుకోగలిగారు. 2022లో వచ్చిన మదింపు కూడా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు, మారుమూల ప్రాంతాల వాళ్లకు అవసరం ఎక్కువున్నా సేవ తక్కువ అందుతోందని చెప్పింది. వేల్స్‌లో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టర్ 1971లోనే రాశారు, మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుందని. యాభై ఏళ్లు దాటినా ఆ మాటకు కాలం చెల్లలేదు.

ఇచ్చిన డబ్బు ఇచ్చిన చోటే ఖర్చయ్యేలా చూడటం మరో పోరాటం. మానసిక ఆరోగ్యానికని ఇచ్చిన నిధులు ఏడాది మధ్యలో వేరే అవసరానికి మళ్లడం చాలా తేలిక, ఎందుకంటే గుండె ఆపరేషన్ ఆగిపోతే మర్నాడే పేపర్లో వస్తుంది, కౌన్సెలర్ పోస్టు ఖాళీగా ఉంటే రాదు. అందుకని కొన్ని చోట్ల చుట్టూ కంచె కట్టారు. కాలిఫోర్నియా ప్రజలు 2004లో ఓటు వేసి, ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద అదనంగా 1 శాతం పన్ను పెట్టి దాన్ని మానసిక ఆరోగ్యానికే కేటాయించుకున్నారు. డబ్బు బాగానే వచ్చింది, కానీ కోటీశ్వరుల ఆదాయం స్టాక్ మార్కెట్‌తో పాటు ఎగిరిపడుతుంది, దాంతో పాటే ఈ నిధీ ఎగిరిపడుతుంది, జబ్బులు మాత్రం మార్కెట్ పడిపోయినప్పుడే పెరుగుతాయి. 2024 మార్చిలో మళ్లీ ఓటింగ్ పెట్టి, ఇందులో 30 శాతం ఇళ్ల వసతికి పోయేలా మార్చారు. తలదాచుకునే చోటు లేని మనిషికి మందు పనిచెయ్యదన్నది నిజమే, అయితే ఆ 30 శాతం ఇప్పటిదాకా నడుస్తున్న సేవల నుంచే రావాలి కదా అన్న వాళ్ల బాధ కూడా నాకు అర్థమవుతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో రాయల్ కమిషన్ అనే ప్రభుత్వ విచారణ సంఘం చెప్పాక, పెద్ద జీతాల బిల్లు ఉన్న కంపెనీల మీద 2022 జనవరి 1 నుంచి ప్రత్యేక పన్ను వేశారు, ఆ డబ్బు మానసిక ఆరోగ్యానికే ఖర్చు పెట్టాలని చట్టంలోనే రాసుకున్నారు. ఇంగ్లండ్‌లో ఇంకో రకం కంచె కట్టారు: స్థానిక ఆరోగ్య సంస్థలకు వచ్చే మొత్తం ఏ రేటున పెరిగితే, మానసిక ఆరోగ్యం మీద ఖర్చు కనీసం ఆ రేటున పెరగాలన్నారు, దాన్ని బయటి ఆడిటర్లు పరిశీలించేలా చేశారు. నా దృష్టిలో ఈ కంచెలన్నిటికీ ప్రాణం ఆ ఆడిటే. అది లేకపోతే వేరే ఖర్చుకు కూడా మానసిక ఆరోగ్యం అని పేరు రాసి లక్ష్యం చేరిపోయామనొచ్చు.

లెక్క ఉంటే డబ్బొస్తుందనడానికి ఇంగ్లండ్‌లోనే ఇంకో రుజువు. రిచర్డ్ లేయర్డ్ అనే ఆర్థికవేత్త, డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్టు కలిసి, డిప్రెషన్‌కూ ఆందోళనకూ మాటల ద్వారా చేసే చికిత్స అందరికీ ఇస్తే మనుషులు పనిలోకి వెళ్తారు, ఖర్చు దానంతటదే తిరిగొస్తుందని వాదించి ఒప్పించారు. 2008లో పథకం మొదలైంది. ప్రతి సెషన్‌లోనూ రోగి ఒక ప్రశ్నపత్రం నింపుతాడు, సగం మందైనా కోలుకోవాలని మొదట్లో లక్ష్యం పెట్టుకున్నారు, అంకెలు అందరికీ కనపడేలా బయటపెడతారు. ఆ అంకెలే దానికి ఏటేటా డబ్బు తెచ్చిపెట్టాయి. నాకు సంతోషంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. మా తమ్ముడిలాంటి వాళ్లకు, స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుతో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చే వాళ్లకు, పన్నెండు సెషన్ల తర్వాత "కోలుకున్నారు" అని గీత గీసే అంకె ఉండదు. ఈ నెల స్నానం చేస్తున్నాడు, అమ్మతో కలిసి బయటికి నడిచొచ్చాడు, రాత్రి ఆరు గంటలు నిద్రపోయాడు, మాకు ఇదే కోలుకోవడం. దీన్ని కొలిచే పద్ధతి బడ్జెట్ రాసేవాళ్ల దగ్గర ఉండాలి, లేకపోతే తేలిగ్గా కొలవగలిగిన జబ్బులకే డబ్బంతా వెళ్లిపోతుంది.

మురిగిపోయే నిధుల గురించి కూడా చెప్పాలి. కేటాయింపు చూసి సంతోషపడకూడదని నేను నేర్చుకున్నది దీనివల్లే. బడ్జెట్ రోజు ఒక అంకె ప్రకటిస్తారు, తర్వాత సవరించిన అంచనాల్లో అది తగ్గుతుంది, అసలు ఖర్చు ఇంకా తగ్గుతుంది, ఆ మూడో అంకె వచ్చేసరికి ఏడాదో రెండేళ్లో అవుతుంది, అప్పటికి ఎవరూ పట్టించుకోరు. డబ్బు ఎందుకు మిగిలిపోతుందంటే సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు, శిక్షణ ఉన్న నర్సులు సరిపడా లేరు కాబట్టి పోస్టులు నిండవు, విడుదల ఆలస్యం కాబట్టి ఏడాది ముగిసే ముందు హడావిడిగా వచ్చిన డబ్బుతో మనుషుల్ని తీసుకోలేరు, కుర్చీలూ కంప్యూటర్లూ కొంటారు. అవసరం లేక మిగలలేదు. కానీ మరుసటి ఏడాది పైవాళ్లు అనే మాట మాత్రం "పోయినసారి ఇచ్చిందే వాడుకోలేదు కదా" అని, అలా కోత పడుతుంది. మనుషుల్ని తయారుచెయ్యడానికి పదేళ్లు పడుతుంది, డబ్బు మాత్రం ఏడాదికోసారి లెక్క చూసుకుంటారు. ఈ రెంటికీ పొంతన కుదిర్చేలా మూడేళ్లకో అయిదేళ్లకో హామీ ఉన్న నిధి ఉండాలని నేను బలంగా అనుకుంటున్నాను.

పోయినేడాది ఒక ఆరోగ్య కార్యాలయానికి నేను ఉత్తరం రాశాను. అడిగింది ఒకటే: మానసిక ఆరోగ్యానికి మీరు పెట్టే ఖర్చులో వార్డుల్లో ఎంత, వార్డుల బయట ఎంత? ఐదు నెలల తర్వాత జవాబు వచ్చింది, బయటి ఖర్చుకు వేరుగా లెక్క ఉంచడం లేదని. నాకు కోపం రాలేదు, ఎందుకంటే అప్పటికి నేను చదివిందంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. మీరు కూడా మీ ప్రతినిధులను ఇదే అడగండి. ఎంత కేటాయించారు అన్నది వాళ్లకు కంఠతా వచ్చు, ఎంత ఖర్చయింది, ఎక్కడ ఖర్చయింది, ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషిని వారంలోపు వెళ్లి చూసే వాళ్లెవరైనా ఉన్నారా, వాళ్ల జీతం ఏ పద్దు నుంచి వస్తోంది, ఇవి అడిగితేనే ఆలోచనలో పడతారు.

ఇప్పుడు మా ఇంటికి ఒక నర్సు వస్తోంది. కొత్తగా పెట్టిన ఒక చిన్న ప్రయోగాత్మక కార్యక్రమం కింద, పదిహేను రోజులకోసారి. వాడి బరువు చూస్తుంది, మాత్రల డబ్బా చూస్తుంది, కాసేపు వాడితో క్రికెట్ గురించి మాట్లాడుతుంది. వాడు ఆసుపత్రి మెట్లెక్కి పద్నాలుగు నెలలైంది, జబ్బు మొదలయ్యాక ఇంత కాలం ఎప్పుడూ గడవలేదు. ఆ అమ్మాయి ఉద్యోగం కాంట్రాక్టు మీద, ఈ ఆర్థిక సంవత్సరం చివరి దాకానే ఉంది, ఆ తర్వాత సంగతి తనకూ తెలియదు. పోయినసారి వచ్చినప్పుడు అమ్మ తనకు కాగితం, పెన్ను ఇచ్చి, "నీ జీతం ఏ పద్దు కింద వస్తుందో దాని పేరు, నంబరు రాసివ్వమ్మా" అని అడిగింది. ఆ అమ్మాయి ఫోన్ చేసి ఎవరినో కనుక్కుని రాసిచ్చింది. అమ్మ ఆ కాగితాన్ని తమ్ముడి మందుల చీటీలున్న కవర్లోనే పెట్టింది. రేపు నేను రాయబోయే ఉత్తరంలో మొదటి వాక్యం ఆ నంబరే.